లారీ వచ్చే శుక్రవారం

వాన కోసం జిల్లా అంతా మొక్కుకుంటుంటే, ఇప్పుడే రావద్దని మొక్కుకున్న మనిషిని బహుశా నేనొక్కదాన్నే. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డొకటి అద్దెకు తీసుకుని అప్పటికి కొన్ని నెలలే అయింది. బళ్ళారి సేటు ఇచ్చిన మొదటి పెద్ద ఆర్డరు మిషన్ల మీద ఉంది. శుక్రవారం సాయంత్రం లారీ వస్తుంది. సరుకు సిద్ధంగా లేకపోతే ఇక తనకు ఫోన్ చేయనక్కర్లేదని ఆయన నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ ఆర్డరు చెడితే షెడ్డుకు తాళం వేసుకోవడమే.

నా దగ్గర కుట్టే ఆడవాళ్ళంతా ఒకే ఊరివాళ్ళు, అందరికీ చేలున్నాయి. వాళ్ళకు పెద్దదిక్కు ఒకామె. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఆటో ఎక్కితే అందరూ ఎక్కుతారు, ఎక్కకపోతే షెడ్డు ఖాళీ. ఆర్డరు వచ్చిన రోజే అందరినీ కూర్చోబెట్టి లారీ శుక్రవారం వస్తుందని చెప్పాను. ఉన్నదున్నట్టు చెబితే మనుషులు నమ్ముతారని నా ధీమా. అందరూ తలూపారు. తలూపడమంటే నమ్మడమే అనుకున్నాను, నా తెలివికి తగ్గట్టే.

సోమవారం సాయంత్రం వాన దంచి కొట్టింది. మంగళవారం పొద్దున ఎవరూ పనికి రాలేదు, ఒక్క మిషన్ కూడా తిరగలేదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. షెడ్డులో అటూ ఇటూ తిరిగాను, టీ తెప్పించుకుని తాగకుండా వదిలేశాను. ఇక ఉండబట్టలేక స్కూటీ తీసుకుని వాళ్ళ ఊరికి బయల్దేరాను.

ఊళ్ళో ఎవరూ లేరు, అందరూ చేలల్లోనే. అక్క గొర్రు వెనక నడుస్తూ శెనక్కాయ గింజలు వదులుతోంది. నన్ను చూసి కూడా ఆగలేదు. తడి మట్టిలో చెప్పులు కూరుకుపోతుంటే నేనే ఆమె వెంట నడిచాను.

"ఏమక్కా, చెప్పకుండా ఈడ కూచుంటే ఎట్లా? శుక్రవారం లారీ వస్తాదని చెప్పినా గదా!"

"చెప్పినావులేమ్మా. శుక్రవారమంటే పై మంగళవారం గదా. ఇంకా శానా టైముండాది."

"శుక్రవారం మంగళవారం ఎట్లయితాది?"

"ఏ ఓనరైనా నాలుగు దినాలు ముందుకు జరిపే చెప్తాడు. మేము నాలుగు దినాలు కలుపుకొంటాము. నీకు తెలీదా?"

తెలియదు. కుట్టేవాళ్ళు ఎలాగూ ఆలస్యం చేస్తారని ఓనర్లు రోజులు తగ్గించి చెబుతారట. ఎలాగూ తగ్గించే చెబుతారని వీళ్ళు కలుపుకుంటారట. ఏళ్ళ తరబడి పని అలా సాఫీగా సాగుతోంది. మధ్యలో నేనొచ్చి నిజం చెప్పి చెడగొట్టాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కోపం మాత్రం బాగా వచ్చింది.

"నేను జరపలేదక్కా, నిజంగా శుక్రవారమే!" అని అరిచాను. గొర్రు తోలుతున్న ఆమె భర్త ఎద్దులను ఆపి మావైపు చూశాడు.

అక్క ఇంకో గుప్పెడు గింజలు తీసుకుంది. "ఈ పదును ఆరిపోతే మళ్ళా వాన యాణ్ణుంచి వస్తాది? రేపు మధ్యాన్నానికి అందరి చేన్లూ అయిపోతాయి. అప్పుటినుంచి కూచుంటే శుక్రవారానికి అయితాది. పోమ్మా."

దారంతా ఆ మధ్యాహ్నమే నా బుర్రను తినేసింది. మధ్యాహ్నమంటే నిజంగా మధ్యాహ్నమేనా? ఆమె ఎంత తగ్గించి చెప్పింది, నేనెంత కలుపుకోవాలి?

బుధవారం మధ్యాహ్నం కావస్తుండగా బైపాస్ దగ్గర ఇలాంటిదే కుట్టు యూనిట్ నడిపే ఆయన సరుకు ఆటోతో వచ్చాడు. "కత్తిరించిన గుడ్డంతా నాకియ్యమ్మా. నా దగ్గరుండేది టౌనోళ్ళు, శుక్రవారానికి కుట్టిస్తా. ఆ పల్లెటూరోళ్ళ కోసం చూసుకుంటా కూచుంటే మునిగిపోతావు. ఇప్పుడిస్తేనే, ఇంకో గంటాగితే నా వల్ల గాదు."

ఒక కట్టను చేతుల్లోకి ఎత్తుకున్నాను కూడా. మళ్ళీ దించేశాను. "వద్దన్నా," అన్నాను. అక్క మీద నమ్మకంతో కాదు. ఇప్పుడు ఈ గుడ్డ ఇచ్చేస్తే ఇక ఆమె ముందు నోరెత్తలేనని భయమేసింది. ఖాళీ ఆటో మలుపు తిరిగిందో లేదో, పరుగెత్తి వెనక్కి పిలవాలనిపించింది. గేటు దగ్గరికి వెళ్తాను, లోపలికి వస్తాను, మళ్ళీ వెళ్తాను.

కాసేపటికి ఆటోలు వచ్చాయి. మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో అందరూ దిగారు. అక్క నేరుగా వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. నా నోరు ఊరుకోదు కదా. "ఇంత లేటయిందేమక్కా?" అన్నాను.

"క్రాసు కాడ ఆగినాము," అంది దారం ఎక్కిస్తూ. "నువ్వు గుడ్డంతా బైపాసాయనకు ఇచ్చేస్తాండావని మీ పక్క షెడ్డు నుంచి ఫోనొచ్చింది. ఇంగ పోయేదెందుకని అందరూ ఆటో దిగేసినారు. ఆయప్ప ఆటో ఆ దోవనే పోవాల గదా, వచ్చేదాకా చూస్తామని నేనే నిలబెట్టినా. ఖాళీగా వచ్చింది."

"నిండుగా వచ్చింటే?"

"అట్లే ఊరికి పోయేవాళ్ళం. మళ్ళా నీ షెడ్డు తొక్కేవాళ్ళం గాదు."

శుక్రవారం లారీ నిండుగానే వెళ్ళింది. కానీ బుధవారం ఆ మాట విన్నాక నేను బయటికొచ్చి గోడకు ఆనుకున్నాను. వాళ్ళను నమ్మాలా వద్దా అన్నది నేనొక్కదాన్నే తేల్చుకోవాలని రెండు రోజులుగా కొట్టుమిట్టాడాను. అదే ఎండలో, రోడ్డు మీద నిలబడి, వాళ్ళు కూడా నా గురించి తేల్చుకుంటున్నారని నాకు తట్టనే లేదు.