భోజనానికి ముందు మాత్ర

షుగరు మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకే మా అక్కకి మధ్యాహ్నాలు కళ్ళు తిరగసాగాయి. ఓసారి పెరట్లో పడి నుదురు చిట్లింది. పడినప్పుడల్లా ఎవరో ఒకరు పంచదార నీళ్ళు పట్టేవారు. తేరుకుని, అంట్లు ముందేసుకునేది.

ఆ రోజు బావగారికి చెరువులో రొయ్యలు పట్టే పని ఉండడంతో, పేపరాఫీసుకి సెలవు పెట్టి, రాజమండ్రి ఆస్పత్రికి అక్కని నేను తీసుకెళ్ళాను. డాక్టరుగారు కుర్రవాడు, మర్యాదస్తుడు. రిపోర్టు చూసి నవ్వారు.

"ఏంటండీ, పూతరేకులు మానలేకపోతున్నారా? మీ వైపు వాళ్ళందరిదీ ఇదే గొడవ."

అక్క తల దించుకుంది.

"మాత్ర భోజనానికి ముందే వేసుకుంటున్నారా?"

"ఆయ్, వేసుకుంటున్నానండి."

కళ్ళు తిరగడం షుగరు ఎక్కువై వస్తోందని ఆయన నిర్ణయించుకున్నారు. మాత్ర మోతాదు పెంచారు. పంచదార నీళ్ళ సంగతి అక్క చెప్పలేదు. తీపి మాటెత్తితే ఇంకా తిడతారని భయం. నేనూ చెప్పలేదు, ఆ నీళ్ళ సంగతి అప్పటికి నాకు తెలియదు.

భీమవరం దగ్గర వాళ్ళ ఊరికి తిరిగొచ్చి, మర్నాడు కూడా అక్కడే ఉండిపోయాను. అన్నం వార్చి, కూరలు మూతపెట్టి, అక్క కొత్త మాత్ర వేసుకుంది. నాకు వడ్డించింది. నువ్వూ తినమంటే, బావగారు రావాలిగా అంది. చెరువు దగ్గర కొనేవాళ్ళతో బేరం తెగక ఆయన రాలేదు. అక్క బట్టలు మడతపెడుతూ కూర్చుంది. కాసేపటికి అదే చీరని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. పిలిస్తే ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

నా కేక విని పక్కింటావిడ పరుగున వచ్చి పంచదార నీళ్ళు పట్టింది. "ఎప్పుడూ ఇంతేనండి, ఇవి తాగితే లేచి కూర్చుంటారు" అంది. అప్పుడు నాకు అర్థమైంది. తీపి పడితే తేరుకునే మనిషికి, తీపి ఎక్కువైందని మందు పెంచాం.

ఫోన్లో డాక్టరుగారికి అంతా చెప్పాను. "ఆవిడ ఎన్నింటికి తింటారో నేను అడగలేదండి" అన్నారు. మోతాదు తగ్గించి, షుగరు పడిపోకుండా మాత్ర వేసుకున్న వెంటనే అన్నం తినాల్సిందేనన్నారు. లేదంటే ఏదో ఒకరోజు పడిన మనిషి లేవకపోవచ్చని కూడా చెప్పారు.

బావగారు వచ్చాక ఆ మాటే చెప్పాను.

"ఏవండీ పేపరుగారూ, నేనెప్పుడైనా ఆగమన్నానా? అడగండి మీ అక్కని. తినెయ్యవే అని మొత్తుకుంటూనే ఉంటాను."

"ఆయ్, అంటారు" అంది అక్క. "చెరువు గట్టు మీద ఎండలో ఈయన కాలిపోతుంటే నాకు ముద్ద దిగుతుందా?"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరిని తప్పు పట్టాలో నాకు తెలియలేదు. ఆయన ఆగమనలేదు. తాను వచ్చే వేళా మార్చుకోలేదు.

కొన్ని వారాల తర్వాత చెప్పకుండా వెళ్ళాను. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, అక్క గోడవైపు తిరిగి, నిలబడే గబగబా తింటోంది. నన్ను చూసి పళ్ళెం కొంగు చాటుకి లాక్కుంది. అందులో పిడికెడు పెరుగన్నం ఉంది.

"ఇంతేనా అక్కా?"

"చాల్లేరా. ఆయన తిన్నాక మళ్ళీ కూర్చోవాలిగా. తినకపోతే ముందే తినేశానని తెలిసిపోదూ?"

"తెలిస్తే ఏం? ఆయనే తినమంటున్నారుగా."

"అంటారులే. నువ్వు మాత్రం చెప్పకు."

పళ్ళెం కడిగి, తడి లేకుండా తుడిచి, మిగతా పళ్ళాల కింద పెట్టింది. ఆ పిడికెడు అన్నం మాత్రకి సరిపోతుందో లేదో నాకు తెలియదు. వాకిట్లో బావగారి బండి ఆగేదాకా, అక్క ముఖాన చెమట పడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.