వేంబనాడు ఒడ్డున మూడు నిద్రలు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందటి కార్తీక మాసం నాటికి మా ట్రావెల్ కంపెనీలో కేరళ విభాగానికి చాలా ఏళ్లుగా ఆపరేషన్స్ మేనేజరుని. ఆఫీసు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే రోడ్డు మీద, కళ్లజోళ్ల షాపు పైన రెండో అంతస్తులో ఉండేది. కంప్యూటర్ కోచింగ్‌ల బ్యానర్లు మా కిటికీని సగం కప్పేసేవి. మిగిలిన సగంలోంచి మెట్రో రైలు వెళ్లడం కనిపించేది. ఆ కిటికీ పక్కన కూర్చుని ఎంతోమందిని సముద్రాలకీ కొండలకీ పంపాను.

మా వృత్తిలో రెండు వర్గాలు. కౌంటరు దగ్గర కూర్చుని టూర్లు అమ్మేవాళ్లు సేల్స్. వాళ్లు అమ్మినదాన్ని నిజంగా నడిపించేవాళ్లం ఆపరేషన్స్. సేల్స్ వాళ్లు మాటిస్తారు, ఆపరేషన్స్ వాళ్లు తిట్లు తింటారు. ఏ టూరుకైనా రోజువారీ ప్రణాళిక సేల్స్ నుంచి నా బల్ల మీదికి వచ్చి, నేను సరేనన్నాకే అక్కడి ఏజెంటుకు వెళ్లేది. మేం కాలాన్ని కొలిచేది రాత్రులతో. పగలు మనిషి ఎక్కడ తిరిగినా ఫరవాలేదు, చీకటి పడేసరికి ఒక మంచం చూపించాలి. దాన్నే నైట్ హాల్ట్ అంటాం.

వేంబనాడు సరస్సు విషయంలో నాకొక సూత్రం ఉండేది. హౌస్‌బోటులో ఒక్క రాత్రి, అంతే. మధ్యాహ్నం పడవ ఎక్కుతారు. కొబ్బరి చెట్ల వరసలు, చేపల వేపుడు, ఫోటోలు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో పడవని ఒడ్డుకు కట్టేయాలి, ఎందుకంటే చీకటి పడ్డాక జాలర్లు వలలు వేసుకుంటారు, ఇంజను పడవలు తిరగకూడదు. మర్నాడు టిఫిను పెట్టి దించేస్తారు. ఇంకా సరస్సు మీద మోజున్నవాళ్లకు ఒడ్డున రిసార్టులో మరో రాత్రి. మూడో రాత్రి ఎవరడిగినా ఇచ్చేదాన్ని కాదు. మూడో రోజుకి అవే కొబ్బరి చెట్లు కనిపించి, దోమల మీదా సిగ్నల్ మీదా ఫిర్యాదులు మొదలవుతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం నేనే చెప్పేదాన్ని, కాస్త గర్వంగానే చెప్పేదాన్ని.

ఆ నెలలో యాదగిరి అనే ఆయన కౌంటరుకు వచ్చాడు. బోరబండలో ఉంటాడు, టైల్స్ వేసే మేస్త్రి. ఎక్కడైనా పెద్ద నీళ్ల ఒడ్డున మూడు నిద్రలు కావాలి అని చెప్పి, ఫోను నంబరు, పేర్లు ఇచ్చి పనికి వెళ్లిపోయాడు. ఆ పూట కౌంటరులో ఉన్నది కిరణ్. అతనిది తణుకు, నాది అమలాపురం. మా గోదావరి వైపు మూడు నిద్రలంటే ఎవరికైనా ముందు తట్టేది పెళ్లే. కొత్త జంట అత్తవారింట మూడు రాత్రులు పడుకోవడం మా దగ్గర ఆనవాయితీ. కిరణ్ రెండో ఆలోచన లేకుండా ప్రణాళికకి హనీమూన్ కోడ్ తగిలించి, కొచ్చిలో ఒక రాత్రి, హౌస్‌బోటులో ఒక రాత్రి, మున్నారులో ఒక రాత్రి వేశాడు. మా దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది అదే. ఆ కోడ్ పడితే ఇంక అడగాల్సిన పని లేదు. పడక మీద గులాబీ రేకులు, కేకు, కొవ్వొత్తుల వెలుగులో భోజనం వాటంతట అవే వచ్చేస్తాయి.

నా పద్ధతి ప్రకారం ఎవరు ఏ గదిలో అన్న పట్టిక చూశాను. పేర్లు మూడున్నాయి. యాదగిరి, పద్మ, సాయమ్మ. సాయమ్మ వయసు అరవై దాటింది. హనీమూనుకి ముగ్గురేమిటి అని కిరణ్‌ని అడిగాను. పెద్దావిడ తోడు వస్తున్నారేమో మేడమ్, ఈ రోజుల్లో ఎవరి ముచ్చట వాళ్లది అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ సంతకం పెట్టలేదు. వాళ్లని ఒకసారి ఆఫీసుకు రమ్మని చెప్పించాను.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. కిరణ్ మంచినీళ్లు అందించి, ఉత్సాహంగా, కొత్త జంటకి సరస్సు వైపు గది ఇస్తున్నామండీ అన్నాడు. యాదగిరి ముఖం మాడిపోయింది. సాయమ్మ గ్లాసు కింద పెట్టేసింది. వాళ్లిద్దరి మధ్య కూర్చున్న నలభై ఏళ్ల ఆవిడ, పద్మ, మాత్రం కిరణ్ వైపు తిన్నగా చూసింది.

"కొత్త జంట లేదు సార్. మా ఆయన పోయి నెలయితుంది. గా నిద్రకే పోతున్నం" అంది.

పడక మీద గులాబీ రేకులు ఆమె చూసి ఉంటే ఏమయ్యేదో అనుకున్నాను. కిరణ్‌ని ఫోన్లు చూసుకోమని పంపించి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

యాదగిరి విడమరచి చెప్పాడు. వాళ్లలో ఇంట్లో చావు జరిగితే, కర్మలు అయ్యాక తల్లిగారింటి వాళ్లు వచ్చి ఆడపిల్లని తీసుకుపోయి తమ దగ్గర పడుకోబెడతారు. దాన్నే నిద్ర అంటారు. అది అయ్యేదాకా ఆమె ఇంకొకరి ఇంటి గడప తొక్కకూడదు, పనికీ పోకూడదు. పద్మకి తల్లిగారిల్లంటే ఇప్పుడు అన్న యాదగిరి ఇల్లే. కానీ అన్నా చెల్లెళ్లు ఉండేది బోరబండలో ఒకే ఇంట్లో, కింద ఆమె, పైన ఆయన. మెట్లెక్కి పైన పడుకుంటే సరిపోతుందని చుట్టాలు కొందరన్నారు. సాయమ్మ, అంటే పద్మ అత్తగారు, ఒప్పుకోలేదు. గడప ఒకటే అయినప్పుడు నిద్ర ఎట్లా అవుతుందని ఆమె వాదం. పోయింది ఆమె కొడుకు కాబట్టి నిద్ర ఆమెకీ కావాలి. చివరికి, అన్న ఎక్కడికి తోలుకపోతే అదే తల్లిగారిల్లని రాజీకి వచ్చారు. ఎక్కడికి పోదామని అడిగితే పద్మ నీళ్ల ఒడ్డుకు అన్నదట.

ఇందులో ఆచారం ఒక పాలు, అవసరం ఒక పాలు. పద్మ సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ల్యాబులో రోగుల నుంచి రక్తం తీసే పని చేస్తుంది. సెలవు ఆ వచ్చే ఆదివారంతో అయిపోతుంది. సోమవారం చేరకపోతే ఆ కుర్చీలో వేరొకరు కూర్చుంటారని ఆసుపత్రి వాళ్లు చెప్పేశారు. అయినా పద్మ భయం కుర్చీ గురించి కాదు.

"నెల సంది రెప్ప వడ్తలేదు మేడం. చేతులు వణుకుతున్నయి. నాది సూది పట్టుకునే పని. గీ చేతులతోటి నరం ఎట్ల దొరకాలె?" అంది. చేతులు బల్ల మీద పెట్టి చూపించింది. నిజంగానే వణుకుతున్నాయి.

నేను కాగితం తీసుకుని రోజులు లెక్కేశాను. మంగళవారం మాసికం ఉంది, అది కానిదే ఇల్లు కదలరు. బుధవారం మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కితే గురువారం సాయంత్రానికి సరస్సు చేరతారు. ఆదివారం రాత్రికల్లా ఇంట్లో ఉండాలంటే శనివారం తిరుగు రైలు ఎక్కాలి. అంటే సరస్సు దగ్గర మిగిలేది సరిగ్గా రెండు రాత్రులు. మా లెక్కకి అతికినట్టు సరిపోయింది. ఒకటి పడవలో, ఒకటి ఒడ్డున. ఇంతకన్నా చక్కటి ప్రణాళిక ఎవరూ వేయలేరన్నట్టు చెప్పాను.

సాయమ్మ అడ్డంగా తల ఊపింది. "ఒకటన్న జేయాలె, మూడన్న జేయాలె. రెండు నిద్రలు మా తాన లేదు" అంది.

రైల్లో గడిపే రాత్రిని కలిపితే మూడవుతాయి కదా అని యాదగిరి మెల్లగా అన్నాడు. రైల్ల పండుకుంటే నిద్ర కాదు, కునుకు అని ఆమె కొట్టిపారేసింది. పడవ సంగతి కూడా తేల్చుకోవాలంది. సాయంత్రం ఒక చోట, తెల్లారితే ఒక చోట ఉండేదాంట్లో పడుకుంటే అది ఏ ఊరి నిద్ర కిందికి వస్తుందని అడిగింది. రాత్రంతా పడవ కట్టేసి ఉంటుంది, కదలదు అని చెప్పాను. మర్నాడు రాత్రి కూడా అక్కడే కడతారా అంది. అలప్పుళలోని మా ఏజెంటుకు ఫోన్ చేసి అడిగాను. ఖాళీ ఉన్న చోట కడతాం, మాట ఇవ్వలేం అన్నాడు. హౌస్‌బోటు గురించి ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పాను గానీ, పడవలో నిద్ర చెల్లుతుందా అని ఎవరూ అడగలేదు. సాయమ్మ లెక్కలో చెల్లదని తేలింది.

అలాంటప్పుడు ఒక్క నిద్రతో కానివ్వండి అన్నాను. ఆ సరస్సుకి ఒక్క రాత్రి చాలు, రెండో రోజుకి చూడ్డానికి ఏమీ ఉండదు, శనివారానికే ఇంటికి వచ్చి ఆదివారమంతా విశ్రాంతి తీసుకోవచ్చు అని వివరించాను. యాదగిరి సరే అనబోయాడు. పద్మ అతని చేయి పట్టుకుని ఆపింది.

"కొత్త జాగల ఒక్క రాత్రికే ఎవరికి నిద్రవడ్తది మేడం?" అంది.

కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టదన్నది హోటళ్ల వ్యాపారంలో అందరికీ తెలిసిన సంగతే. దిండు ఎత్తయిందని, ఏసీ చప్పుడు చేస్తోందని మాకు వచ్చే ఫోన్లన్నీ మొదటి రాత్రివే. ఆ సంగతి తెలిసి కూడా మేం టూరుని ఎప్పుడూ అలా కొలవలేదు. చూడ్డానికి ఎన్ని ఉన్నాయన్నదే చూశాం. రాత్రులు అమ్మేవాళ్లమే గానీ నిద్రని లెక్కలోకి తీసుకోలేదని పద్మతో అన్నాను. మీ ఇద్దరూ దేనికి నవ్వుకుంటున్నారని యాదగిరి అడిగేదాకా, పద్మతోపాటు నేనూ నవ్వుతున్నట్టు నాకు తెలియలేదు.

మూడో రాత్రి దొరకాలంటే తిరుగు ప్రయాణం విమానంలో చేయాలి. సాయమ్మ జన్మలో విమానం ఎక్కలేదు. ఆమె ఒప్పుకోదనుకున్నాను. "మూడు నిద్రలు అయితయంటే గాలిల సుత వస్త. నువ్వు జర నా పక్కన కూసో బిడ్డా" అని కోడలి వైపు తిరిగింది.

అలా నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి నా సూత్రాన్ని నేనే పక్కన పెట్టాను. ఒడ్డున ఒక కుటుంబం నడిపే పాత ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం. అత్తాకోడళ్లకి ఒకటి, యాదగిరికి ఒకటి, మూడు రాత్రులూ అవే గదులు, అవే మంచాలు. రోజువారీ ప్రణాళికలో శుక్ర, శనివారాల ఎదుట చూపించే ప్రదేశాలు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు. అది చూసి కిరణ్ ఇబ్బందిగా కదిలాడు. ఖాళీ రోజు కనిపిస్తే కస్టమర్లు మోసపోయామనుకుంటారన్నది సేల్స్ వాళ్ల నమ్మకం. అంత దూరం వెళ్లి సరస్సు మీదికి వెళ్లకపోతే బాగుండదని, ఆదివారం ఉదయం ఒక పడవ మాత్రం పెట్టాను. మూడు గంటలు తిప్పి దించేస్తే, సాయంత్రం కొచ్చిలో విమానం. హనీమూన్ కోడ్ పొరపాటున కూడా అక్కడికి చేరలేదని ఏజెంటుకు రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాను.

శుక్రవారం యాదగిరి ఫోన్ చేశాడు. పద్మ పొద్దుగాల దాకా అరుగు మీదే కూర్చుందట. శనివారం కూడా అదే మాట, కాకపోతే తెల్లవారుజామున కాసేపు నడుం వాల్చిందట. నాకు పని మీద మనసు నిలవలేదు. మూడో రాత్రి కూడా అలాగే గడిస్తే ఆ వణికే చేతులతో సోమవారం ఆసుపత్రికి వెళ్తుందా, మానేస్తుందా అన్నది నాకు సంబంధం లేని విషయం. అయినా ఆ రోజంతా అదే ఆలోచన.

ఆదివారం ఉదయం ఏజెంటు ఫోన్ చేశాడు. పడవ వచ్చి ఒడ్డున ఉందని, గెస్టులు ఎక్కడం లేదని, ఏం చేయమంటారని అడిగాడు. వెంటనే యాదగిరికి ఫోన్ చేశాను. అతను గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పండుకుంది మేడం. రాత్రి తిన్నంక ఒరిగింది, ఇగ లేవలే. సాయమ్మ తలుపు కాడ కుర్సీ ఏస్కొని కూసుంది. పడవాయన పిలుస్తుంటే కట్టె తీస్కొని లేసింది."

పడవని వెనక్కి పంపేయమని ఏజెంటుతో చెప్పాను. బుక్ చేసుకున్నవాళ్లు రాకపోతే మా భాషలో నో షో అంటాం. రికార్డులో అదే రాయించాను.

పద్మ సోమవారం డ్యూటీలో చేరింది. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ల్యాబు నుంచి తిరిగి వెళ్తూ మా ఆఫీసుకు వచ్చింది. టూరు అయినవాళ్లని అభిప్రాయం అడగడం మా పద్ధతి. సరస్సు ఎలా ఉందని అడిగాను.

"సక్కగ సూడలే మేడం. నిద్రవట్టింది" అంది. కిరణ్ తెచ్చిన టీ తీసుకుంది. కప్పు పట్టుకున్న చేయి వణకలేదు.

ఆ తర్వాత నేను దిగిపోయేదాకా కౌంటరులో ఎన్ని రోజులు కావాలని అడిగే ముందు, ఎందుకు వెళ్తున్నారని అడిగించాను. కొందరు విసుక్కున్నారు, మీకెందుకన్నారు. అయినా అడగాల్సిందే. ఒక చోట ఎంతకాలం ఉండాలన్నది అక్కడ చూడ్డానికి ఏముందన్నదాన్ని బట్టి తేలదు, వెళ్లేవాళ్లకి పడిన అవసరాన్ని బట్టి తేలుతుంది. నేను వేసిన ఆ చక్కటి రెండు రాత్రుల ప్రణాళికే ఒప్పుకుని ఉంటే, పద్మ పడవ ఎక్కి వేంబనాడు అంతా చూసి, మెలకువగానే తిరిగి వచ్చి ఉండేది.