జాకెట్టు లోపల వదిలిన గుడ్డ

ఈ ఉదయం మా మనవరాలు మిన్ను బడికి వెళ్లనని భీష్మించింది. మొన్న స్కూల్లో అందరి ముందూ బరువు చూసి, ఎక్కువుందని చెప్పారట. అప్పటినుంచీ పిల్లలు "రోడ్ రోలర్" అంటున్నారు. ఇవాళ స్కర్టు హుక్కు కూడా పట్టలేదు. వదులు చేద్దామని తిరగేసి చూశాను. కుట్టు లోపల మిగులు గుడ్డే లేదు.

నా ఈడువాళ్లకు గుర్తుందా, మన జాకెట్ల పక్క కుట్లలో వదిలే ఆ గుడ్డ? ఒళ్లు పెరిగితే అమ్మ కుట్టు విప్పేది. ఉతికి ఉతికి వెలిసిపోయిన జాకెట్టు మీద ఆ చార మాత్రం కొత్త రంగులో మెరిసేది.

చిన్నప్పుడు నేను బొద్దుగా ఉండేదాన్ని. పోర్టు క్వార్టర్స్ దగ్గర దర్జీ సూరిబాబు ఓసారి కొలత తీస్తూ నవ్వాడు.

"ఏటమ్మా, పాపకి టేపు సాల్లేదు!"

"సాలకపోతే పెద్ద టేపు కొనుక్కో సూరిబాబూ. పిల్ల ఎదుగుతంది. లోపల ఇంకో రెండంగుళాల గుడ్డ ఒగ్గు," అంది అమ్మ.

ఇంట్లో రెండో బెల్లం ముక్కకు చెయ్యి చాస్తే అదే అమ్మ ఆ చేతిమీద ఒకటి వేసేది. బయట మాత్రం నన్నెవరినీ ఒక్క మాట అననిచ్చేది కాదు.

నా కొత్త జాకెట్టుకని ఉంచుకున్న నీలం గుడ్డలోంచి ఒక పట్టీ కత్తిరించి మిన్ను స్కర్టుకు పక్కన వేసి కుట్టాను.

"మామ్మా, ఇక్కడ రంగు తేడాగా ఉంది."

"ఉండనీ. ఎదిగిన చోట కొత్తగానే ఉంటుంది. నడు."

అద్దంలో పక్కకు తిరిగి చూసుకుని బ్యాగు తగిలించుకుంది. గుమ్మం దగ్గర ఆగి చిప్స్ ప్యాకెట్ అడిగింది.

అది మాత్రం ఇవ్వలేదు.