మొలతాడు కొస

మా నర్సమ్మ పోయింది. మొన్న మంగళవారం కొండమీది బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే, కింద ఊరి ఆశా కార్యకర్త రొప్పుతూ ఎక్కివచ్చి గుమ్మంలోనే కూలబడింది. "మాస్టారూ, నర్సమ్మ మరి లేదు. పొద్దున్న సామలు దంచుతా దంచుతా రోలు కాడే ఒరిగిపోనాది" అంది. పిల్లలు ఎక్కం ఆపేశారు.

అరకు వైపు మా కింద ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా ఉద్యోగం మొదలుపెట్టి, అక్కడే రిటైరైన మనిషి ఆమె. పుట్టింది మాత్రం ఈ బడి ఉన్న కొండమీది ఊళ్ళోనే. ఆమె చిన్నప్పుడు ఇక్కడ బడి లేదు. రోజూ కొండ దిగి, మళ్ళీ ఎక్కి చదువుకుంది. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా కాస్త గొప్పగానే చెప్పేది. చెప్పుకోవలసిందే కదా.

నేను విజయనగరం వైపు మైదానం వాణ్ణి. ఈ బడికి ఒక్కగానొక్క పంతుల్ని. జీపు దిగాక ముప్పావు గంట కొండెక్కాలి. వచ్చిన కొత్తలో గెంతుతూ ఎక్కేవాణ్ణి. తర్వాత నాలుగేళ్ళు మండలాఫీసులో కుర్చీ పని మీద వేశారు. పూటకు రెండు పళ్ళేల అన్నం, రోజంతా టీలూ బిస్కట్లూ. సెలవుల్లో ఇంటికెళితే మా మేనత్త బుగ్గలు నిమిరి, "ఉద్యోగం కలిసొచ్చిందిరా, ఒళ్ళు సేసావు" అని మురిసిపోయేది. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను.

మళ్ళీ బడికి పంపినప్పుడు తెలిసింది నా సంగతి. సగం దారిలో ఒక పెద్ద బండరాయి ఉంది. అక్కడికి చేరేసరికి కళ్ళు బైర్లు కమ్మి కూర్చుండిపోయాను. డాక్టరుగారు పరీక్ష చేసి షుగరని మాత్రలు రాశారు. ఇక నావల్ల కాదని మైదానానికి బదిలీ కోరుతూ అర్జీ రాసుకున్నాను. నేను వెళితే ఇంకొకరు రారని, ఆ నాలుగేళ్ళలాగే బడికి మళ్ళీ తాళం పడుతుందని నాకూ తెలుసు. అర్జీకి జతచేయాల్సిన షుగరు రిపోర్టు కాగితం కోసమే నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆమె అర్జీ చదివింది. "నడుమెంత మాస్టారూ?" అనడిగింది.

"ముప్పై నాలుగు. పదేళ్ళుగా అదే ప్యాంటు సైజు" అన్నాను దర్జాగా.

"మొలతాడేది?"

సిగ్గుపడుతూ చొక్కా ఎత్తాను. ఆమె ఒకటే నవ్వు. "ఓలమ్మో! బొడ్డు కిందకి జారిపోయి దాక్కున్నాది. పేంటూ అక్కడే కడతన్నావు. పొట్ట కింద కొలిసీసి నడుమంటావేటి?"

సంచిలోంచి నల్లతాడు తీసి ఇచ్చింది. బొడ్డు మీదుగా నన్నే కట్టుకోమంది. కొస కత్తిరించబోతే చేయి పట్టుకుని ఆపింది. "ఉండనీ. పొట్ట తగ్గినకొద్దీ ముడి జరుపు, కొస పెరుగుతాది. నాలుగు వేళ్ళంత పెరిగాక కూడా ఎల్లిపోవాలనిపిస్తే ఈ కాయితం ఇచ్చెత్తాను" అని నా అర్జీ మడిచి రవికలో పెట్టేసుకుంది.

నాకేమీ నొప్పి లేదే అన్నాను. "తడి కట్టెల పొయ్యిలో మంట కనబడతాదేటి? పొగే కదా! కొవ్వు కండలోకి సేరితే అలాగే లోపల్లోపల రాజుతాది. తిన్న సెక్కిరిని ఎక్కువగా లాక్కోవాల్సింది కండే. అది మొద్దుబారిపోతే ఆ సెక్కిరి రక్తంలోనే తిరుగుతాది. మాత్ర మానీకు. కండకి పని సెప్పు" అంది. డాక్టరుగారు పెద్ద మాటలతో చెప్పిన ముక్క నాకు ఆ పొయ్యితోనే అర్థమైంది.

ఉత్త నడక చాలదని, పిల్లల భోజనానికి వెళ్ళే బియ్యంలో కొంత నా వీపు మీదికి ఎక్కించింది. మొదట రెండు కిలోలు. తర్వాత ఐదు, పది. అన్నం బదులు సామన్నం తింటున్నానని గొప్పలు పోతే, "సామలని రెండు పళ్ళేలు లాగించీకు" అని గదిమింది.

వారపు సంతలోనూ ఆమెది ఇదే గొడవ. మగవాళ్ళని ఆపి మొలతాడు ఎక్కడుందో చూపించమనేది. ఆడవాళ్ళని లంగా బొందు ఎంత మిగులుతోందని అడిగేది. కొత్తగా వచ్చిన డాక్టరు, "టేపు ఉంది కదమ్మా" అని నవ్వాడు. "టేపు నా సంచిలో ఉంటాది బాబూ. తాడు ఆల ఒంటి మీదుంటాది" అంది. ఆ డాక్టరే తర్వాత రిజిస్టరులో తన చేత్తో 'తాడు' అని ఒక గడి గీశాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నాకే ఏదో బహుమతి వచ్చినట్టనిపించింది.

ఏడాది తిరిగేసరికి ఆగకుండా ఎక్కడం వచ్చింది. కొస నాలుగు వేళ్ళు పెరిగింది. వెళ్ళి అర్జీ అడిగాను.

"ఏ కాయితం?" అంది. "అదా? ఆ రోజే పొయ్యి రాజీడానికి వాడీసేను. బేగి ఎల్లు, పిల్లలు సూత్తంటారు."

తనను పుట్టిన ఊళ్ళోనే మట్టి చేయమని ఎప్పుడో చెప్పిందట. బుధవారం కింద ఊరి నుంచి పాడె లేచింది. నేను ముందు కర్ర పట్టాను. బండరాయి దగ్గర వెనకనున్న పెద్దాయన, "భుజం మార్తావేటి మాస్టారూ?" అన్నాడు.

"అక్కర్లేదు" అన్నాను.

ఆగకుండా ఎక్కాను. పైన బడి పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. చొక్కా కింద నుంచి మొలతాడు కొస బయటికి వచ్చి, అడుగు వేసినప్పుడల్లా ఊగుతోంది. ఇప్పుడది జానెడు.