అరగంటకో కుర్చీ

మా డిజైన్ మాస్టారు అరగంటకు మించి ఎవర్నీ ఒకే కుర్చీలో కూర్చోనివ్వరు. గోడ గడియారంలో అరగంట కాగానే రెండు చప్పట్లు కొట్టి "లేవండి, జరగండి!" అంటారు. అంతే. మౌస్ అక్కడే వదిలేసి కుడిపక్క కుర్చీలోకి మారాలి. అక్కడ పక్కవాళ్ళు సగం చేసిన పనిని అందుకోవాలి.

కాలేజీలో ఆఖరి ఏడాది పిల్లలకు ఆయన ఉత్తుత్తి పోస్టర్లు ఇవ్వరు. బయటినుంచి నిజం పనులు తెస్తారు. మందుల డబ్బా, బస్సు రూట్ల పటం, చేపల మ్యూజియం టికెట్టు. పిల్లలు కలిసి చేసింది అసలు ప్రెస్సులో అచ్చయి జనం చేతుల్లోకి వెళ్ళాలి. "బయట ఏ పనీ ఒక్కరిది కాదు. 'నాది' అనే జబ్బుకి కుర్చీ మార్పే మందు" అని ఆయన సిద్ధాంతం.

ఆ జబ్బు బాగా ముదిరినవాడు పొడుగబ్బాయి. మ్యూజియం టికెట్టు కోసం మూడు రోజులుగా తన వంతు వచ్చినప్పుడల్లా గీసిన నీలం చేపను వదల్లేక కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"సార్, తోక ఒక్కటే మిగిలింది!"

"తోక నీ ఎడమపక్క అమ్మాయి పెడుతుంది. లే."

"ఆ అమ్మాయి పిల్లి తోక పెడుతుంది సార్!"

పెట్టింది కూడా. మ్యూజియం వాళ్ళకి ఆ చేపే నచ్చింది.

మాస్టారి అలవాటు కాలేజీ గేటు దాటిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర వరసలో కూర్చుని అరగంట కాగానే చప్పట్లు కొట్టారట. నలుగురు రోగులు నోరెత్తకుండా లేచి జరిగారు. ఆయన వంతు నాలుగో చోటుకి పోయింది. "ఇంట్లో మాత్రం ఆ చప్పట్లు కొట్టనివ్వను. నేను నా కంచంలోనే తింటాను" అని వాళ్ళావిడ మా అందరి ముందూ తేల్చి చెప్పింది.

మా బల్ల చుట్టూ ఆరు కుర్చీలు. ఐదు కంప్యూటర్ల ముందు ఐదుగురు విద్యార్థులు. ఆరోది నాది. నమూనా పుస్తకాలు మడిచి, కుట్టి, అంచులు కోసే చోటు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఈ బైండింగ్ పనికి చేరాను. మొదట్లో నా బల్ల పక్క గదిలో ఉండేది. "కత్తి దగ్గరుంటే మేలు" అని మాస్టారే ఇక్కడికి తెప్పించారు. ఆ రోజే చప్పట్లు మోగాయి.

"సార్, నేను స్టూడెంటుని కాదు."

"నేనడిగానా? లే, జరుగు."

కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. పక్క కుర్చీ అక్క "బొమ్మని కాస్త పైకి లాగు చెల్లీ, కరవదులే" అనేది. రెండేళ్ళలో లాగడం, కూర్చడం, దిద్దడం వచ్చాయి. నలుగురిలో నోరు తెరవడం మాత్రం రాలేదు.

ఈ ఏడాది ఆఖరి పని కంటి ఆసుపత్రి పుస్తకం. ఆపరేషన్ అయినవాళ్ళు ఇంటికెళ్ళాక ఏ మందు ఎన్ని చుక్కలు వేసుకోవాలో చెప్పేది. నాలుగు వేల కాపీలు. పేజీలు ప్రెస్సుకి పంపే రోజు ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడ్డారు.

"మాస్టారూ, పన్నెండింటికల్లా పంపాలి. ఒక్క తప్పు దొర్లినా బయటి పనులు బంద్. వచ్చే ఏడాదినుంచి మీ పిల్లలు ఉత్తుత్తి పోస్టర్లే గీసుకుంటారు."

"అలాగేనండీ" అని మాస్టారు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ కూడా ఒక అడుగు పక్కకి జరిగారు.

పదకొండున్నరకి పేజీలు కూర్చే కుర్చీ నాకొచ్చింది. తెర చూశాను. అక్షరాలన్నీ బయటి అంచుకి చేరాయి. తెరమీద ఇంకా కాగితం ఉన్నట్టే కనిపిస్తుంది. కుట్టాక ఆ అంచులో కత్తి ఎంత తినేస్తుందో రోజూ కోసే నా చేతికి తెలుసు.

"పంపేద్దామా?" అన్నారు మాస్టారు.

"ఓకే సార్!" అన్నారు ఐదుగురూ.

"కోతలో పోతాయి" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"ఏంటమ్మాయ్?"

"అక్షరాలు సార్. రోజుకి రెండు చుక్కలు అని ఉంది కదా. ఆ 'రెండు' కత్తి కిందకి పోతుంది. ఎన్ని వేసుకోవాలో తెలీదు."

పొడుగబ్బాయి తెరమీదకి వంగి చూశాడు. "కుట్టుకి చోటు చాలదని నేనే మూడు మిల్లీమీటర్లు బయటికి జరిపాను."

"అయ్యో, నేనూ మూడు జరిపాను!"

ఐదుగురూ జరిపారు. ముందువాళ్ళు మరిచిపోయారనుకుని, ఎవరికి వాళ్ళు.

"వెనక్కి లాగాలి సార్" అంటూ నేను లేవబోయాను.

"ఎక్కడికి?"

"ఎవరైనా వచ్చి..."

"ఆ కుర్చీలో ఉన్నదెవరు?"

నేనే. ముప్ఫై రెండు పేజీలూ పన్నెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగాను. మూడు ఉంచాను, కుట్టుకి నిజంగానే కావాలి. పన్నెండుకి రెండు నిమిషాలుండగా పేజీలు వెళ్ళాయి. అంతసేపూ మాస్టారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

మర్నాడు అచ్చు నమూనా చూడడానికి అందరం ప్రెస్సుకి వెళ్ళాం. మేం సరే అంటేనే మిషన్ తిరుగుతుంది. అక్కడి సూపర్వైజరు మాస్టారి పాత స్టూడెంటు.

"మీరూ ఇలాగే కుర్చీలు మారేవారా అక్కా?" అన్నాను.

"కుర్చీలా? మా బ్యాచ్‌లో కదిలితే చెవి మెలేసేవారు! ఇది రెండేళ్ళ కిందట పట్టిన పిచ్చి. ఓ రోజు ఇక్కడికొచ్చి తల పట్టుకున్నారు. 'బైండింగ్ అమ్మాయి గుమ్మంలో నిలబడి తెరనే చూస్తుంది. కూర్చోమంటే పనుందని పారిపోతుంది. ఏం చెయ్యను?' అని."

"తర్వాత?"

"వారం రోజులకి ఫోన్ చేశారు. దారి దొరికిందట. ఒక్కదాన్ని కూర్చోబెట్టాలంటే ఐదుగుర్ని లేపాలట." నా మొహం చూసి నాలుక కరుచుకుంది. "కొంపదీసి అది నువ్వు కాదు కదా?"

తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, పాత బ్యాచ్‌ల వాళ్ళు కుర్చీలు మారేవారు కాదట?"

"ఎవరన్నారు? అదీ... ఒకరే కూర్చుంటే కుర్చీ స్ప్రింగులు పాడవుతాయమ్మా" అని మిషన్ వైపు తిరిగారు. ఆయనకి అన్ని విద్యలూ వచ్చు, అబద్ధం ఒక్కటే రాదు.

ఏదో మంచి మాట చెబుదామనుకున్నాను. కానీ చూపు చేతిలో ఉన్న నమూనాలో ముందుమాట మీద పడింది. అది మాస్టారు స్వయంగా రాసి, స్వయంగా కూర్చిన పేజీ. చెప్పాల్సింది ఎక్కువై అక్షరాలు చీమలంత అయ్యాయి. నిన్న అంచుల తొందరలో గమనించలేదు.

"సార్, ఈ పేజీ ఆపాలి."

"ఎవరిదది?"

"మీదే. కంటి ఆపరేషన్ అయినవాళ్ళు చదవాలి కదా. అక్షరాలు పెంచాలి, మాటలు సగం కొట్టెయ్యాలి."

"నా ముందుమాటనే కొట్టెయ్యమంటావా!" మిషన్ల హోరులోనూ ప్రెస్సంతా వినబడేలా అరిచారు. అంత సంతోషంగా ఆయన ఎవరిమీదా కేకలెయ్యడం నేను చూడలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి నా చేతిలో పెట్టారు.

సగమే కొడదామనుకున్నాను. పెన్ను బాగా రాస్తోంది. ముప్పావు కొట్టేశాను.