రెండో బండికి ట్యాంకు

రాస్తున్నవా బిడ్డా? నా నోరు ఉరుకుతే ఆపు, మళ్ల చెప్త. ఇప్పుడు మీ నాయిన కంపెనీల ఒక్కో మోటార్ సైకిల్ కోసం పెద్ద పెద్దోళ్లు నెలలకు నెలలు ఎదురుచూస్తుండ్రు గదా, అది బూర్గంపాడుల మా రేకుల షెడ్డుల మొదలైంది. నెత్తురుతోటి మొదలైంది. గదే రాయి, దాయకు.

మీ తాత ఇంజన్లు చూసేటోడు. ఆయన తమ్ముడు, మీ చిన్న తాత, రేకు పని చేసేటోడు. చింత మొద్దుల గుంట తొలిచి, దాని మీద రేకు పెట్టి, సుత్తితోని కొట్టి కొట్టి పెట్రోలు ట్యాంకు తయారు చేస్తుండె. మిషన్లెక్కడియి? కండ్లు మూసుకొని రేకు మీద అరచేయి తిప్పి, ఎక్కడ ఉబ్బిందో చెప్పేటోడు.

అన్నదమ్ములిద్దరు ఒక పాత మిలిటరీ ఇంజన్ పట్టుకొచ్చి మొదటి బండి చేసిండ్రు. కలప కాంట్రాక్టర్ ఒకడు చేయించుకున్నడు. ఎర్రగ, పొడుగ్గ, పెండ్లికొడుకు లెక్క ఉండె. వాడు దానెక్కి భద్రాచలం పోతుంటే జనం పనులాపి చూసేటోళ్లు. వాని తల తిరిగింది. "ఈ జిల్లాల ఇట్లాంటిది నా ఒక్కనికే ఉండాలె. ఇంకోటి చేస్తే చేతులు ఇరగ్గొడ్త" అన్నడు. మేం నవ్వినం. ఖమ్మంల ఒక డాక్టర్ నాక్కూడ కావాలె అంటే ఒప్పుకున్నం. అది మంచిగొస్తే బండ్లు చేసేటోళ్లమైతం, లేకుంటే మళ్ల పంచర్లు ఏసుకునుడే.

ట్యాంకు ఒక్కటే మిగిలిందనంగ దసరా వచ్చింది. మా ఇంట్ల దసరా నాడు సుత్తులు, పానాలు అన్ని కడిగి పీట మీద పెట్టి, పసుపు దారం కట్టి మొక్కుతం. తెల్లారి దారం తెంపేదాక ఎవ్వరు ముట్టరు. ముట్టితే పని చేయిదాటిపోతదని మా అత్త చెప్పేది. ఇది ఊరందరికి తెల్సు. ఆ కాంట్రాక్టర్‌కూ తెల్సు.

మీ తాత కొత్త బండి ముందట కోడిని కోసిండు. ఆ నెత్తురింకా ఆరలే, వాడు నలుగురిని ఏసుకొని వచ్చిండు. అందరి చేతుల్ల గొడ్డళ్లకు ఏసే లావు కట్టె కామలు.

"ఏందిరా, నా మాటంటే లెక్కలేదా?"

మీ చిన్న తాత నోరు ఊరుకోదు గదా. "అవ్ సారూ, నీదానికంటె ఇది మంచిగొచ్చింది. కూసొని చూస్తవా?" అన్నడు.

మీద పడ్డరు. మీ తాతను గోడకేసి కొట్టిండ్రు, పండ్లు రాలినయ్. చిన్న తాత కుడిచేయి ఆ చింత మొద్దు మీదనే ఒత్తిపట్టి కామతోని ఒక్కటేసిండ్రు. ఎండుకట్టె ఇరిగినట్టు సప్పుడైంది. మీ తాతకు జానెడు దూరంల సుత్తుంది. తీసుకోలే. దారం చూసి ఆగిండు. నేను ఆగలే. పీట మీద పెద్ద సుత్తి గుంజి కాంట్రాక్టర్ మోకాలు మీద ఏసిన. కూలిండు. మళ్లేసిన. మూడోది నెత్తి మీద ఏద్దును, మీ తాత నా కొప్పు పట్టి ఎనకకు గుంజిండు. ఎందుకు గుంజిండో అని ఇప్పటికీ అనుకుంట.

వాళ్లు వాణ్ణి మోసుకొని ఉరికిండ్రు. ఠాణాకు పోలే. ఆడదాని చేతుల దెబ్బ తిన్ననని ఎట్ల చెప్పుకుంటడు?

దవాఖానాల చిన్న తాత చేతికి కట్టు కట్టి, ఇగ వేళ్లు ముడుసుకోవన్నరు. ఇంటికొచ్చినంక మీ తాత నా మీద లేచిండు. "దారం తెంపకముందే ముట్టినవ్, తమ్ముని చేయి పోయింది."

"చేయి ఇరిగినంకనే గద నేను ముట్టింది! ఏం లెక్క నీది?" అన్న.

గంతే, నాతోని మాటలు బంద్.

చిన్న తాత కట్టుతోనే వచ్చి మొద్దు పక్కన కూసున్నడు. "వదినా, సుత్తి ఎట్లన్న ముట్టినవ్, ఇగ పట్టు. మోకాలనుకొని కొట్టకు, మెల్లగ" అన్నడు.

మూడు రేకులు పాడు చేసిన. అరచేతుల బొబ్బలు పగిలి రేకు ఎర్రబడ్డది. ఆయన ఎడమ చేయి తిప్పి, "ఇక్కడ ఉబ్బింది, నీ మూతి లెక్క" అనేటోడు. నాలుగోదాని మీద చేయి తిప్పి, ఇగ చాలని సుత్తి నా చేతులకెంచి తీసుకున్నడు. మీ తాత వచ్చి, నా దిక్కు చూడకుంటనే తీసుకపోయి బండికి బిగించిండు.

డాక్టర్ కిక్కు కొట్టి పోయిండు. ఆ బండి చూసి ఇంకో ముగ్గురు వచ్చిండ్రు, మాకెప్పుడిస్తరని. మీ తాత నా దిక్కు చేయి చూపెట్టిండు.

"ట్యాంకులు మా ఇంటామె కొడ్తది. ఆమెనడుగుండ్రి. జర మర్యాదగ అడుగుండ్రి."