లండన్ పాటలో పత్తిచేను చూపిన చాచా

కోరుట్లలో టేప్‌రికార్డర్లు బాగుచేసే చాచా పోయారని మొన్న పొద్దున జగిత్యాలలో ఉన్న నాకు ఫోన్ వచ్చింది. ఆయన గురించి రాసే అర్హత నాకుందో లేదో, చదివి మీరే చెప్పండి.

డిగ్రీ చదివే రోజుల్లో మా ఇంటి టేప్‌రికార్డర్ పట్టుకుని ఆయన దుకాణానికి వెళ్లాను. బాగయిందో లేదో చూడటానికి ఆయన పెట్టింది ఒక ఇంగ్లండ్ రాక్ బ్యాండు క్యాసెట్. ఆ గిటార్ విని అక్కడే నిలబడిపోయాను.

"గీ పాట లండన్ల పుట్టలే బిడ్డా," అన్నారు. "అమెరికాల పత్తిచేన్ల పుట్టింది. నల్లజాతి కూలోళ్ల ఏడుపు గిది. బ్లూస్ అంటరు. మొదలు దీన్ని పాడిన గా నల్లజాతి ముసలాయన పాట ఇను."

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ముందు బ్లూస్ పాట, తర్వాతే బ్యాండు పాట. స్పిరిట్‌లో ముంచిన దూదితో, టేపు ఆనుకుని తిరిగే హెడ్డు తుడుస్తూ, "మల్లాపూర్ దిక్కు పత్తి ఏరేటోళ్లు పాడంగ ఇన్నవా? ఒకామె అంటది, అందరు అందుకుంటరు. గిక్కడ గిటార్ అందుకుంటది, గంతే," అనేవారు. ఇన్నేళ్లయినా ఈ బ్యాండు పాతబడదేమని ఒకసారి అడిగాను.

"దుఃఖం పాతబడ్తదా బిడ్డా? మల్ల గా బ్యాండు పిల్లగాండ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నరో దాచుకోలే. గందుకే నిలబడ్డరు."

నిరుడు సిరిసిల్లలో ఒక కాలేజీవాళ్లు రాక్ సంగీతం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పత్తిచేను దగ్గర్నుంచి అన్నీ చాచా చెప్పినవే చెప్పాను. నేను మాట్లాడుతున్నానని తెలిసి ఇస్త్రీ కుర్తా వేసుకుని వచ్చిన ఆయన చివరి వరుసలో కూర్చున్నారు. ఒకమ్మాయి లేచి, "మేడమ్, గివన్నీ మీకెవరు నేర్పిన్రు?" అని అడిగింది. లెక్చరర్లంతా చూస్తున్నారు. రిపేరు దుకాణం మాట ఎత్తడానికి నాకు నామోషీ అయింది.

"పుస్తకాలు చదివి నేనే నేర్చుకున్నాను," అన్నాను.

బయట చాచా నా తలమీద చెయ్యి పెట్టి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా," అని బస్సెక్కారు. ఆ తర్వాత నేను కోరుట్ల వెళ్లలేదు. వెళ్లి తప్పు ఒప్పుకోవాలని అనుకుంటూనే ఏడాది గడిపేశాను.

నిన్న ఆయన ఇంటికి వెళ్తే చాచీ ఆయన ఫోన్ తెచ్చింది. "సిరిసిల్లల నువ్వు మాట్లాడింది గీ ఫోన్ల రికార్డు చేసుకొచ్చిండు. ఇంటికి అచ్చినోళ్లందరికి ఇనిపిచ్చిండు, మా బిడ్డ అని."

ఆమె నొక్కగానే ఫోన్‌లో నా గొంతు మోగింది. చివర్న ఆ అమ్మాయి ప్రశ్న వినిపించింది. అంతటితో ఆగిపోయింది. నా జవాబును ఆయన తీసేశారు.

"అప్పుడేమన్నవ్ బిడ్డా?" అంది చాచీ. "నేనడిగితే బ్యాటరీ అయిపోయిందన్నడు."

"చాచా పేరు చెప్పలే చాచీ. నేనే నేర్చుకున్న అని చెప్పిన."

చాచీ ఫోన్ తీసుకెళ్లి, కొక్కేనికి వేలాడుతున్న ఆయన చొక్కా జేబులో పెట్టింది. పల్చటి గుడ్డలోంచి వెలుతురు కొంచెంసేపు కనిపించి ఆరిపోయింది.